చదరంగమున అరుదైన తుదియాటలు: వానిని నేర్వదగునా?

ఆదివారమునాడు మన సంఘపు పఠనమందిరమున పిల్లలకు రెండు విద్యలు నేర్పుట కొంతకాలముగా జరుగుచున్నది. మొదటి గంట తెలుగు అక్షరములు, రెండవ గంట చదరంగము. ఒకనాడు రెండవ గంటలో, ఒక శకటు, ఒక గుఱ్ఱము మాత్రమే మిగిలినప్పుడు ఎదిరి ఒంటరి రాజునకు ఆట కట్టించు విధమును బల్లమీద చూపుచుంటిని. పండ్రెండేండ్ల బాలుడొకడు లేచి, "మాస్టారూ, ఇది నిజంగా ఆటలో వస్తుందా? మీకు ఎన్నిసార్లు వచ్చింది?" అని యడిగెను. 40 ఏండ్లలో ఒక్కమాఱు వచ్చినదని చెప్పితిని. "అప్పుడు గెలిచారా?" అని మరల అడిగెను. గెలువలేదు. నాడు నాకు ఆ విధము తెలియదు. 50 ఎత్తులు గడచిపోయి ఆట డ్రా ఐనది. ఆ మాటయే అతనితో చెప్పితిని.

ఆ బాలుని ప్రశ్నలలో రెండు సత్యములు ఇమిడియున్నవి. 40 ఏండ్లలో ఒక్కమాఱు వచ్చుదానికై గంటలకొలది కాలమును వెచ్చించుట లెక్కప్రకారము నష్టముగనే తోచును. కాని వచ్చిన ఆ ఒక్కమాఱును అది చేతిలోని గెలుపును పోగొట్టినది. పిల్లవాని కాలము స్వల్పము. బడిచదువు, ఇంటిపని, ఆటపాటలు పోగా చదరంగమునకు వారమునకు రెండు మూడు గంటలకంటె మిగులవు. ఆ గంటలను దేనికి వినియోగింపవలెనో నిర్ణయించు బాధ్యత నేర్పువానిది. ఈ వ్యాసమున ఆ విషయమునే విచారింప దలచితిని.

పావులు, పదములు

ఆట తెలియనివారికొఱకు ముందుగా కొన్ని మాటలు. చదరంగపు బల్లకు 64 గళ్ళు. ఒక్కొక్క పక్షమునకు 16 పావులు: రాజు, మంత్రి, ఏనుగులు రెండు, శకటులు రెండు, గుఱ్ఱములు రెండు, బంట్లు ఎనిమిది. నిలువుగను అడ్డముగను సాగునది ఏనుగు. మూలగా సాగునది శకటు. దీనినే కొందఱు ఒంటె యందురు. తెల్లగడిలో నిలిచిన శకటు ఆట ముగియువఱకు తెల్లగళ్ళలోనే తిరుగును. నల్లగడి దానికి దక్కదు. పావులు పెక్కు చచ్చి, కొలదిమాత్రమే మిగిలి, అంతవఱకు దాగియున్న రాజు తానే రంగమునకు దిగు కడపటి ఘట్టమును ఇచ్చట తుదియాట యని వ్యవహరింతును.

గళ్ళను పేర్కొనుటకు తెల్లపావులవాని ఎడమచేతినుండి నిలువు వరుసలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అను అక్షరములును, అతని వైపునుండి అడ్డువరుసలకు 1 మొదలు 8 వఱకు అంకెలును వాడుదురు. రాజు పట్టుబడి తప్పించుకొనలేని స్థితి ఆటకట్టు. రాజునకు చెక్కు లేకయే, వేయుటకు ఒక్క ఎత్తును లేకపోయినయెడల ఆట డ్రా యగును. మఱియొక నిబంధన ముఖ్యము. బంటు కదలక, పావు చావక ఇరువురును 50 ఎత్తుల చొప్పున ఆడినచో, ఎవరైనను డ్రా కోరవచ్చును. 2014 నుండి 75 ఎత్తులు గడచినచో ఎవరును కోరకున్నను డ్రాయే.

పూర్వుల అభ్యాసము

అరుదైన స్థితులను కల్పించి అభ్యసించుట నేటి వింత కాదు. మన దేశమున పుట్టిన చతురంగము పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బులకును పోయి షత్రంజ్ ఐనది. ఆ ఆటలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడచెడివాడు. నేటి బలము అతనికి లేదు. 10వ శతాబ్దమున బాగ్దాదు ఆస్థానమున ఖ్యాతి గాంచిన అస్సూలీ అను క్రీడాపండితుడు ఇరుపక్షములకును రాజును మంత్రియు తప్ప మఱేమియు లేని యొక సమస్యను రచించెను. అది అస్సూలీ వజ్రమని ప్రసిద్ధి చెంది, వేయేండ్లకు చేరువగా విడివడక నిలిచినది. సోవియట్ దేశపు తుదియాటల పండితుడు యూరీ అవెర్‌బాఖ్ 1980ల దశకమున దాని పరిష్కారమును చూపెను. నాలుగే పావులు! నిజమైన ఆటలో ఆ స్థితి వచ్చుట మిక్కిలి అరుదు. ఐనను తరతరముల ఆటగాండ్రు దానిని చేతబట్టుకొని కూర్చుండిరి.

మన దేశముననే 1814లో బొంబాయియందు త్రివేంగడాచార్య శాస్త్రి సంస్కృతమునుండి ఇంగ్లీషున మార్చిన చదరంగ గ్రంథమొకటి అచ్చుపడినది. ఆట ఆరంభమును బోధించుట దాని ముఖ్యోద్దేశము కాదు. చిక్కు స్థితులను ఐరోపా పద్ధతికి అనుకూలించునట్లు కూర్చి, నేర్చువానికి పరిణతియు జ్ఞాపకశక్తికి వ్యాయామమును కలుగజేయుటయే దాని ప్రయోజనమని శీర్షికయందే ప్రకటింపబడినది. మన పెద్దలు ఆడిన దేశవాళి ఆటలో బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే కదలెడిది. ఆట మెల్లగా సాగెడిది. ఐనను స్థితులను ఒక్కొక్కటిగా విడదీసి అభ్యసించు పద్ధతి అప్పుడును ఉండినది. కావున మన ప్రశ్న అభ్యాసము వలయునా వలదా యని కాదు. దేనిని ముందు, దేనిని వెనుక, దేనిని అసలే వలదు అనునదే.

నిత్యాన్నము వంటివి

తఱచుగా వచ్చు తుదియాటలు రెండు తెగలు. ఏనుగులు, బంట్లు మిగులునది మొదటిది. ఆటలలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చునది ఇదియే. రాజులు, బంట్లు మాత్రమే మిగులునది రెండవది. ఇది అంత తఱచు కాకున్నను, తక్కిన తుదియాటలన్నియు తుదకు దీనిలోనికే దిగవచ్చును గనుక అన్నిటికిని పునాది యైనది. పరుగెత్తు బంటును రాజు అందుకొనగలడా యని గడులతో కొలుచుట, ఎదురుబొదురుగా నిలిచిన రాజులలో ఎవరు దారి విడువవలసివచ్చునో ఎఱుగుట, బంటు వెంట ఏనుగును నిలుపుట: ఇవి నిత్యాన్నము వంటివి. తుదియాటలను ముందుగా నేర్వవలెనని క్యూబా దేశీయుడును ప్రపంచవిజేతయునగు కాపబ్లాంకా బోధించినది ఇట్టి మూలసూత్రముల దృష్టితోనే.

దీనికి మనకందఱకును తెలిసిన యుదాహరణము కలదు. ఆంధ్రదేశమునుండి వచ్చి చెన్నపురిలో స్థిరపడిన తెలుగు కుటుంబమున 2006లో జన్మించిన దొమ్మరాజు గుకేశ్, 2024 డిసెంబరు 12న సింగపూరున చీనాదేశీయుడగు డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏండ్ల ప్రాయమున ప్రపంచవిజేత యయ్యెను. పదునాలుగవ ఆటకు పూర్వము ఇరువురి గుణములును సమానము. ఆ కడపటి ఆటలో ఒక్కొక్కరికి ఏనుగు, శకటు, బంట్లు మిగిలినవి. గుకేశునకు ఒక బంటు ఎక్కువ. ఐనను జాగ్రత్తగా ఆడినచో డ్రా కావలసిన స్థితి. 55వ ఎత్తున డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చి మార్పిడికి పెట్టెను. ఏనుగులు మాఱినవి. డింగ్ శకటు ఎ8 మూలలో చిక్కియుండుటచే, గుకేశ్ తన శకటును డి5 గడిలో దానికెదురుగా నిలిపినంతనే అదియు మాఱక తప్పలేదు. మిగిలినవి రాజులు, బంట్లు. అట్టి స్థితిలో ఆ ఎక్కువ బంటే గెలుపు. 58వ ఎత్తు పిదప డింగ్ ఓటమి నంగీకరించెను.

ప్రపంచపదవిని నిర్ణయించినది ఏ అపూర్వ విద్యయు కాదు. మన పిల్లలు మొదటి సంవత్సరముననే నేర్చుకొను రాజు-బంట్ల తుదియాటయే. ఇంకొక విశేషమును గమనింపవలెను. ఆ తుదియాట బల్లమీదికి వచ్చుటకు ముందే, ఏనుగును మార్చవచ్చునా కూడదా యని యోచించు క్షణముననే, దాని జ్ఞానము అక్కఱకు రావలసియున్నది. పావును మార్చు ప్రతి సందర్భమునను ఆటగాడు తన్నుతాను అడుగుకొను ప్రశ్న ఒక్కటే: దీని పిదప మిగులు ఆట గెలుపా, డ్రాయా, ఓటమియా? ఈ సంగతి ముందు చెప్పబోవు అరుదైన ఆటలకును వర్తించును.

శకటు, గుఱ్ఱము

ఇక నా విద్యార్థి ప్రశ్నించిన ఆటకు వత్తము. తెల్లవారికి రాజు, శకటు, గుఱ్ఱము. నల్లవారికి రాజు మాత్రమే. పావు వెంటనే చావని స్థితి యైనచో, నల్లవాడు ఎంత చక్కగా ఆడినను 33 ఎత్తులలోపల ఆట కట్టించవచ్చును. 50 ఎత్తుల గడువులో 17 మాత్రమే మిగులు. దారి తెలిసినవానికి అది చాలును. తెలియనివాడు మధ్యలో వెనుకకు పోయి మరల ఆరంభించినచో చాలదు.

కష్టమునకు కారణము సులభముగనే గ్రహింపవచ్చును. శకటు తెల్లగళ్ళదైనచో ఆటకట్టు తెల్లని మూలలగు ఎ8, హెచ్1 లలో మాత్రమే సాధ్యము. తెలిసిన నల్లవాడు నల్లని మూలకే, అనగా హెచ్8కో ఎ1కో పాఱిపోవును. కావున పని మూడు భాగములు. మొదట రాజును అంచునకు తఱుమవలెను. పిదప తప్పుమూలనుండి అంచు వెంట సరియైన మూలకు నడిపింపవలెను. తుదకు అచ్చట కట్టవలెను. రెండవ భాగమే కీలకము. నల్లరాజు హెచ్8 వద్ద నుండగా గుఱ్ఱము ఎఫ్7, ఇ5, డి7, సి5, బి7 గళ్ళమీదుగా నడచుట ప్రసిద్ధమైన పద్ధతి. ఆ దారిని గీసి చూచినచో ఇంగ్లీషు డబ్ల్యు అక్షరమువలె కనబడును.

ఈ నడకలో ఒకచోట నేర్చువాడు తప్పక బెదరును. గుఱ్ఱము ఇ5లో నుండగా నల్లరాజు అంచును విడిచి సి7కు, అచ్చటనుండి బి7కు పోవును. వల తెగినదని తోచును. నేను ఓడినది, అనగా గెలుపును పోగొట్టుకొన్నది, సరిగా ఇచ్చటనే. రాజు తప్పించుకొనెనని భయపడి, వెంటబడి, అంతయు చెడగొట్టుకొంటిని. నిజమునకు అప్పుడు చేయవలసినది వెంటబడుట కాదు. తెల్లరాజు ఇ6లో, గుఱ్ఱము డి7లో, శకటు డి3లో నిలిచినచో చాలును. శకటు ఎ6, బి5 గళ్ళను కాచును. గుఱ్ఱము బి6, సి5 గళ్ళను కాచును. రాజు డి5, డి6 గళ్ళను కాచును. ఒక్క గడియు రెండుమాఱులు కావబడలేదు. ఒక్క గడియు విడువబడలేదు. మూడు పావులు కలిసి కంటికి కానరాని కంచె వేసినవి. నల్లరాజు ఆ కంచెలోపల తిరిగి తిరిగి తుదకు ఎ8 మూలకే చేరును.

ఈ యొక్క స్థితిని పిల్లలకు చూపిన దినమున వారి ముఖములు వికసించుట చూచితిని. శకటు తెల్లగళ్ళను, గుఱ్ఱము నల్లగళ్ళను పంచుకొనుట, రాజు గోడగా నిలుచుట, వెంటబడక దారులు మూయుట: ఇవి ఈ తుదియాటకే చెందిన సంగతులు కావు. ఆట మధ్యమునను దినదినమును కావలసినవే. ఆట అరుదు, అది నేర్పు సూత్రము నిత్యము.

ఐనను దీనికి వ్యతిరేకముగా పెద్దలు చెప్పిన మాటను విస్మరింపరాదు. జెరెమీ సిల్మన్ అను అమెరికా దేశపు బోధకుడు తుదియాటలపై తాను వ్రాసిన ప్రసిద్ధ పాఠ్యగ్రంథమున ఈ ఆటకట్టును చేర్చనే లేదు. తన క్రీడాజీవితమున అది ఒక్కమాఱే తటస్థించినదనియు, జీవితమున ఒకటి రెండుమాఱులు వచ్చుదానికై విలువైన కాలమును వ్యయింపవలదనియు ఆయన వాదము. దీనికి ప్రతిగా మఱియొక సంఘటనము కలదు. 2013లో జెనీవా నగరమున జరిగిన మహిళల గ్రాండ్ ప్రి పోటీలో, అప్పటి మహిళా ప్రపంచవిజేత యగు అన్నా ఉషేనినా ఓల్గా గిర్యాపై ఇదే స్థితిని పొంది, ఆట కట్టించలేకపోయెను. ఆట డ్రా ఐనది. ప్రపంచవిజేతకును దారి అప్పటికప్పుడు బల్లమీద తోచదని దీనివలన తెలియుచున్నది.

సిల్మన్ లెక్కలో ఒక లోపము నాకు కనబడుచున్నది. ఆయన లెక్కించినది బల్లమీదికి వచ్చిన ఆటలను మాత్రమే. రానివ్వక మానిన ఆటలు లెక్కకు రావు. ఓడిపోవుచున్నవాడు తన కడపటి పావును మన కడపటి బంటుకొఱకు బలియిచ్చి, "నీవు శకటుతోను గుఱ్ఱముతోను కట్టగలవా?" అని మౌనముగా అడుగవచ్చును. కట్టగలవాడు ఆ మార్పిడికి జంకక సూటిగా సాగును. కట్టలేనివాడు దానిని తప్పించుటకు వంకరదారులు పట్టి గెలుపునే పోగొట్టుకొనును. ఈ రెండవవాని నష్టమునకు కారణము అరుదైన తుదియాటయే యని ఏ పట్టికయు చెప్పదు.

రెండు గుఱ్ఱములు, ఒక బంటు

రెండవ యుదాహరణము మఱింత వింతయైనది. రెండు గుఱ్ఱములతో ఒంటరి రాజునకు ఆట కట్టించుట, ఎదుటివాడు తానై తప్పుచేసిన తప్ప, సాధ్యము కాదు. కాని ఆ ఒంటరి రాజునకు ఒక బంటు తోడున్నచో పెక్కు స్థితులలో ఆట కట్టించవచ్చును! లేమి అతనికి రక్ష. కలిమి అతనికి చేటు.

కారణమిది. రెండు గుఱ్ఱములలో ఒకటి కట్టుగడిని చేరుటకు ముందు ఇంకొక ఎత్తు పట్టును. ఆలోగా రాజునకు కదలుటకు గడి లేకపోయినచో, చెక్కు లేదు గనుక ఆట డ్రా. అతనికి బంటొకటి ఉన్నచో ఆ బంటును కదల్పక తప్పదు. ఆ వ్యవధిలో మన గుఱ్ఱము వచ్చి కట్టును. కావున ఒక గుఱ్ఱముతో ఆ బంటును అడ్డగించి నిలిపి, రాజుతోను రెండవ గుఱ్ఱముతోను నల్లరాజును మూలకు తఱిమి, తగిన క్షణమున అడ్డము తీసి బంటును విడువవలెను. రష్యా దేశీయుడును సమస్యారచయితయునగు అలెక్సీ త్రోయిత్స్కీ, 1866లో జన్మించి 1942లో లెనిన్‌గ్రాడు ముట్టడికాలమున మరణించినవాడు, ఈ ఒక్క విషయమును దీర్ఘకాలము శోధించెను. నల్లబంటు ఎ4, బి6, సి5, డి4, ఇ4, ఎఫ్5, జి6, హెచ్4 గళ్ళను దాటకముందే గుఱ్ఱము దానిని నిలిపినచో గెలుపు తప్పదని ఆయన నిర్ణయించెను. దానినే త్రోయిత్స్కీ రేఖ యందురు. యంత్రములు పిమ్మట దానిని సరియని నిరూపించినవి.

కాని ఈ గెలుపులలో కొన్ని 50 ఎత్తులకు మించును. మిక్కిలి దీర్ఘమైనది 115 ఎత్తులు. నిబంధన అంత గడువీయదు. కావున దీని ఎత్తులన్నియు కంఠస్థము చేయుట మన పిల్లలకు వ్యర్థప్రయాస. బంటు ఎందుకు చేటు తెచ్చునో తెలియుట మాత్రము పది నిమిషముల పని. ఆ తెలివి జన్మాంతము నిలుచును. ఓడిపోవు ఆటలో తన బంటును తానే బలియిచ్చి ప్రాణము దక్కించుకొను యుపాయమును పిల్లవాడు ఈ సూత్రమునుండియే గ్రహించును.

యంత్రము నేర్పిన వినయము

మూడవది మంత్రి ఒకవైపు, ఏనుగు ఒకవైపు మిగులు ఆట. మంత్రి గెలువవలెనని గ్రంథములన్నియు చెప్పును. అమెరికా దేశమున బెల్ పరిశోధనాలయమునకు చెందిన కెన్ థామ్సన్ 1970ల దశకమున ఈ తుదియాటను, ఆటకట్టునుండి వెనుకకు ఒక్కొక్క ఎత్తుగా లెక్కించి, సంపూర్ణముగా యంత్రమునకు నేర్పెను. అమెరికా జాతీయవిజేతగా పలుమాఱులు నిలిచిన వాల్టర్ బ్రౌన్, మంత్రితో ఆ యంత్రమును 50 ఎత్తులలోపల ఓడింతునని పందెము కాచెను. ఏనుగును రాజు చెంతనే ఉంచుట మనుష్యుల వాడుక. యంత్రము ఏనుగును దూరముగా నిలిపి కాచెను. బ్రౌన్ మొదటిమాఱు విఫలుడయ్యెను. కొన్ని దినములు అభ్యసించి మరల వచ్చి, సరిగా 50వ ఎత్తున ఏనుగును చంపి పందెమును గెలిచెను. మొదటిమాఱునకును రెండవమాఱునకును నడుమ అతని ప్రజ్ఞ పెరుగలేదు. పెరిగినది అభ్యాసము మాత్రమే.

అటుపిమ్మట యంత్రపు పట్టికలు పెరుగుచు వచ్చినవి. ఏనుగు, శకటు కలిసి ఒంటి ఏనుగుతో పోరు ఆటను ఫ్రాన్సు దేశపు ఫిలిడోర్ 1749లోనే చర్చించియుండెను. అందలి కొన్ని గెలుపులకు 59 ఎత్తులు వలయునని యంత్రము తేల్చినది. ఇట్టివానికొఱకు 50 ఎత్తుల నిబంధనను కొంతకాలము సడలించి, 1992లో ఆ సడలింపులను అంతర్జాతీయ సమాఖ్య తొలగించినది. 2012లో మాస్కో విశ్వవిద్యాలయపు లొమొనోసొవ్ మహాయంత్రముపై, రాజులతో కూడ ఏడు పావులున్న స్థితులన్నిటికిని పట్టికలు సిద్ధమైనవి. అందొకదానిలో ఆటకట్టునకు 549 ఎత్తులు పట్టును. వానిలో పెక్కింటికి మనుష్యబుద్ధికి అందు కారణము కనబడదు. ఈ ఎత్తు ఏల యని అడిగినచో, పట్టికలో అట్లున్నది గనుక అనుటకంటె సమాధానము లేదు. ఇట్టివానిని చూచి ఆశ్చర్యపడవచ్చును, నేర్వ పూనుకొనరాదు. కారణము చెప్పలేనిది పాఠము కానేరదు.

అరుదైన స్థితి, నిత్యమైన భావము

ఈ సందర్భమున రిచర్డ్ రేటి 1921లో ప్రకటించిన చిన్న సమస్యను చెప్పక తీరదు. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో. ఎత్తు తెల్లవానిది. నల్లబంటు పరుగెత్తును, తెల్లరాజు దానిని అందుకొనుటకు రెండు గళ్ళు వెనుకబడియున్నాడు. తన బంటును కాచుటకును మిక్కిలి దూరముననే యున్నాడు. రెండు పనులలో ఏదియు సాధ్యము కాదు. ఐనను రాజు జి7, ఎఫ్6, ఇ5 గళ్ళమీదుగా మూలగా నడచును. ప్రతి అడుగును రెండు గమ్యములకును ఒక్కసారిగా చేరువ చేయును. నల్లవాడు ఒకదానిని ఆపినచో రెండవది నెఱవేఱును. ఆట డ్రా. చదరంగపు బల్లపై మూలగా నడచుట సూటిగా నడచుటకంటె దూరము కాదను సత్యమును ఇంతకంటె చక్కగా చెప్పు పాఠము లేదు. ఇదే స్థితి ఎవరికిని రాకపోవచ్చును. దీని భావము ప్రతి నెలయు వచ్చును.

నిర్ణయము

కావున అరుదైన తుదియాటను తూచుటకు అది ఎన్నిమాఱులు వచ్చునను లెక్క యొక్కటే చాలదు. రెండవ ప్రశ్నను కూడ అడుగవలెను: దానిని నేర్చినవాడు తక్కిన ఆటను మునుపటికంటె బాగుగా ఆడునా? ఈ రెండు కొలతలతో నేను మా తరగతికి ఏర్పఱచుకొన్న క్రమమిది. మొదటి సంవత్సరము రాజులు, బంట్లు. రెండవ సంవత్సరము ఏనుగులు, బంట్లు. ఇవి చేతికి వచ్చువఱకు అరుదైనవానిని ముట్టరాదు. పిదప శకటు-గుఱ్ఱముల ఆటకట్టునకు నాలుగు ఆదివారములు. ఎత్తులను వల్లించుట కాదు, కంచె కట్టుటను గ్రహించుట. రెండు గుఱ్ఱముల సంగతికి ఒక్క పూట. మంత్రి-ఏనుగుల ఆట పోటీలకు పోవు పెద్దపిల్లలకు మాత్రమే. యంత్రపు పట్టికలలోని సుదీర్ఘములు ఎవరికిని వలదు.

ఆ బాలునకు నేను సమాధానము మొదటి గంట పాఠమునుండియే చెప్పితిని. మన అక్షరమాలలో అ, క, మ వంటివి ప్రతి వాక్యమునను వచ్చును. బండి ఱ అంత తఱచు రాదు. నేటి పత్రికలలో పెక్కుచోట్ల లేనే లేదు. ఐనను వేరు అనగా చెట్టు వేరు, వేఱు అనగా భిన్నము అని తెలిసినవానికి పాతపద్యపు ప్రాస తెలియును. బడిలో తాను చదువు తమిళమున ఈ రెండు రకారములు నేటికిని నిలిచియుండుట ఏలయో తెలియును. రెండు భాషలు ఒక్క తల్లి బిడ్డలన్న సంగతి కంటికి కట్టును. ఇక ఌ కలదు. క్ౢప్తము అను మాట తప్ప దానికి వేఱు చోటు కానము. అట్టిది ఒకటి కలదని తెలిసిన చాలును. దానిని నూఱుమాఱులు దిద్దనక్కఱలేదు. రాజు-బంట్ల ఆట అకారము వంటిది. శకటు-గుఱ్ఱముల ఆట బండి ఱ వంటిది. 549 ఎత్తుల ఆట ఌ వంటిది.

అతడు కొంచెమాలోచించి, "అయితే గుఱ్ఱంలో ఉన్నది బండి ఱేనా మాస్టారూ?" అని యడిగెను. ఔనంటిని. బల్లమీది పావులను తానే సర్ది, తెల్లరాజును ఇ6లోను, గుఱ్ఱమును డి7లోను, శకటును డి3లోను నిలిపి, నల్లరాజును ఎటు కదల్పుదురో చెప్పుమని నన్నే యడిగెను.